ఆమిల్, అమానత్: తొలి ఇస్లామీయ పాలనలో స్థానికాధికారుల నడవడి

దివ్య ఖుర్ఆన్‌లో సూరా అన్‌నిసా 58వ ఆయత్ అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమనీ, ప్రజల మధ్య తీర్పు చెప్పవలసి వస్తే న్యాయంగా చెప్పమనీ ఆదేశిస్తుంది. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం సందర్భంగా కాబా గృహపు తాళంచెవిని ఉస్మాన్ బిన్ తల్హాకు తిరిగి అప్పగించిన సంఘటనతో అనేక తఫ్సీర్లు ఈ ఆయత్‌ను ముడిపెట్టాయి. అయితే దాని ఆదేశం ఆ ఒక్క తాళంచెవితో ఆగిపోలేదు. ప్రజల సొమ్ము, ప్రజల వ్యవహారం ఎవరి చేతిలో ఉన్నా అది అతని స్వంతం కాదు, అతని వద్ద ఉంచిన అమానత్ మాత్రమే అని ఉలమాలు దీని నుండి గ్రహించారు. హిజ్రీ 728లో (క్రీ.శ. 1328) మరణించిన ఇమామ్ ఇబ్నె తైమియా పాలనా ధర్మాలపై తాను రాసిన గ్రంథానికి ఈ ఆయత్‌నూ, దాని తర్వాతి ఆయత్‌నూ పునాదిగా తీసుకున్నారు.

రాజ్యాధినేత ఎలా ఉండాలన్న విషయంపై అన్ని జాతుల వారూ పుస్తకాలు రాశారు. కాని సామాన్య ప్రజకు రాజ్యాధినేత ఎదురుపడడం అరుదు. అతనికి ఎదురుపడేది పన్ను వసూలుకు వచ్చే మనిషి, పొలం కొలిచే మనిషి, తగవు తీర్చే మనిషి, ఊరి ఖజానా తాళాలు పట్టుకున్న మనిషి. ప్రభుత్వం మంచిదా చెడ్డదా అని సామాన్యుడు తేల్చుకునేది ఇతని నడవడిని బట్టే. ఇటువంటి వానిని అరబీలో ‘ఆమిల్’ అన్నారు. పనిచేసేవాడు అని ఆ మాటకు అర్థం. జకాత్ ఎవరెవరికి చెందుతుందో చెప్పే సూరా తౌబా 60వ ఆయత్‌లో జకాత్ వసూలు చేసే ఆమిళ్ళకు కూడా ఒక వాటా పేర్కొనబడింది. అంటే అతని శ్రమకు న్యాయమైన ప్రతిఫలం స్వయంగా ఖుర్ఆన్ గుర్తించినదే. ఆ ప్రతిఫలానికీ, దానిని మించిన రాబడికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఈ చరిత్రలోని ముఖ్య ప్రశ్న.

దైవప్రవక్త (స) కాలం

ఈ ప్రశ్న మొదట తలెత్తింది దైవప్రవక్త (స) జీవితకాలంలోనే. అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తి బనూ సులైమ్ తెగ నుండి జకాత్ వసూలు చేయడానికి నియమించబడ్డాడు. అతడు తిరిగివచ్చి లెక్క అప్పగిస్తూ, తెచ్చిన సొమ్మును రెండు భాగాలు చేశాడు. ఇది మీకు చెందినది, ఇది నాకు కానుకగా ఇచ్చినది అన్నాడు. ఈ సంఘటనను హజ్రత్ అబూ హుమైద్ సాఇదీ (ర) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఇది నమోదైంది.

గమనించదగిన విషయం ఏమిటంటే అతడు దేనినీ దాచలేదు. అందరి ఎదుట చెప్పి మరీ తీసుకున్నాడు. ఇందులో తప్పున్నదని కూడా అతనికి తోచినట్టు లేదు. అయినా దైవప్రవక్త (స) ఈ విషయాన్ని అతనికి ఏకాంతంలో చెప్పి ఊరుకోలేదు. మింబర్ ఎక్కి ప్రజలందరికీ చెప్పారు. ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఈ కానుక అతని వద్దకు నడిచి వచ్చేదా అని ప్రశ్నించారు. అన్యాయంగా తీసుకున్న ఒంటె గాని, ఆవు గాని, గొర్రె గాని ప్రళయదినాన అరుస్తూ తీసుకున్నవాని మెడపైకి ఎక్కుతుందని హెచ్చరించారు.

ఈ ఒక్క ప్రశ్నలో ఒక కొలబద్ద ఉన్నది. ఇచ్చినవాడు ఇష్టంతో ఇచ్చాడా, కష్టంతో ఇచ్చాడా అన్నది ఇక్కడ విచారణలోకి రాలేదు. బహిరంగమా, రహస్యమా అన్నదీ రాలేదు. పదవి లేకపోతే ఆ కానుక వచ్చేదా, రాదా అన్నదే ప్రశ్న. రాదు అని జవాబు వస్తే అది పదవికి వచ్చినదే గాని మనిషికి వచ్చినది కాదు. కాబట్టి అది అతనిది కాదు. తర్వాతి ఫుఖహాలు అధికారులకు, ఖాజీలకు అందే కానుకల విషయం చర్చించినప్పుడల్లా ఈ హదీసు వద్దకే తిరిగి వచ్చారు. పదవికి ముందు నుండే ఇచ్చిపుచ్చుకునే అలవాటు ఉన్న బంధుమిత్రుల కానుకను వేరు చేసి చూడవచ్చునని కొందరు చెప్పడానికి ఆధారం కూడా ఈ కొలబద్దే.

దీనికి తోడు మరికొన్ని హదీసులు ఉన్నాయి. ఒక పనికి నియమించి జీతం నిర్ణయించిన తర్వాత దానికి మించి తీసుకున్నదంతా ద్రోహపు సొమ్మేనని హజ్రత్ బురైదా (ర) ఉల్లేఖనం తెలుపుతుంది. సూదిని దాచినా అది ద్రోహమేనని మరొక ఉల్లేఖనం. హజ్రత్ ముఆజ్ (ర)ను యమన్‌కు పంపుతూ, జకాత్ కింద ప్రజల సొత్తులో శ్రేష్ఠమైన వాటిని ఏరి తీసుకోవద్దనీ, పీడితుని మొర విషయంలో భయపడమనీ దైవప్రవక్త (స) ఉపదేశించారు. పదవి అడిగిన హజ్రత్ అబూ జర్ (ర)కు, అది అమానత్ అనీ, దాని హక్కు నెరవేర్చలేని వానికి ప్రళయదినాన అవమానం అవుతుందనీ చెప్పి ఇవ్వలేదు. అబూ జర్ (ర) భక్తిలో లోపం లేదు. కాని ఆ పనికి కావలసిన దృఢత్వం వేరు. మంచివాడు కావడం, సమర్థుడు కావడం రెండు విషయాలనీ, అధికారికి రెండూ కావాలనీ దీని నుండి తెలుస్తుంది.

ఖైబర్‌లో పండ్లతోటల దిగుబడి అంచనా వేయడానికి వెళ్ళిన హజ్రత్ అబ్దుల్లా బిన్ రవాహా (ర) ఉదంతం ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఉన్నది. అక్కడి యూదులు అంచనా తగ్గించమని తమ స్త్రీల నగలు పోగుచేసి ఆయన ముందు పెట్టారు. ఆయన వారి పట్ల తనకు గల అయిష్టాన్ని దాచలేదు. అయినా ఆ అయిష్టం తనను వారికి అన్యాయం చేయనివ్వదనీ, వారు ఇవ్వజూపినది లంచమనీ, దానిని తాము తినమనీ చెప్పారు. భూమ్యాకాశాలు నిలిచి ఉన్నది ఇటువంటి న్యాయం మీదనేనని ఆ యూదులు ఒప్పుకున్నారు. అధికారి ధర్మం తన వారికి మాత్రమే పరిమితం కాదన్నది ఇక్కడి పాఠం.

నియామకానికి షరతులు

హజ్రత్ ఉమర్ (ర) ఖలీఫాగా ఉన్నది హిజ్రీ 13 నుండి 23 వరకు, అంటే క్రీ.శ. 634 నుండి 644 వరకు. ఈ పదేళ్ళలోనే ఇరాక్, సిరియా, ఈజిప్టు ముస్లింల పాలనలోకి వచ్చాయి. మదీనాలో కూర్చున్న ఖలీఫాకు కూఫాలోనో, ఫుస్తాత్‌లోనో ఏమి జరుగుతున్నదో తెలియడానికి వారాలు పట్టేది. దైవప్రవక్త (స) మింబర్ మీద నుండి చెప్పిన సూత్రాన్ని అంతటి విశాల రాజ్యంలో అమలు జరపడానికి ఉపదేశం ఒక్కటే చాలదు. దానికి పద్ధతులు కావలసి వచ్చాయి.

ఆమిల్‌ను నియమించేటప్పుడు హజ్రత్ ఉమర్ (ర) కొందరు సాక్షుల ఎదుట షరతులు విధించేవారని ఇమామ్ అబూ యూసుఫ్ తమ ‘కితాబుల్ ఖరాజ్’లో రాశారు. అతడు డాబుసరి గుర్రం ఎక్కరాదు. సన్నని వస్త్రాలు ధరించరాదు. జల్లించిన పిండి తినరాదు. ప్రజల అవసరాలకు తలుపు మూయరాదు. మొదటి మూడూ చూడడానికి చిన్న విషయాలు. కాని ఆ కాలంలో ఇవి ధనికుని గుర్తులు. అధికారి బ్రతుకు తాను పాలించే ప్రజల బ్రతుకుకు దూరంగా జరిగిపోకుండా కాపాడేందుకే ఈ నిషేధాలు. నాలుగవ షరతు అన్నిటికంటె ముఖ్యమైనది. తలుపు మూసిన చోట బంట్రోతు పుడతాడు. బంట్రోతు ఉన్నచోట లోపలికి వెళ్ళడానికి ఒక ధర పుడుతుంది.

ఇంకొక పద్ధతి, నియామకం నాటికి ఆమిల్‌కు ఉన్న ఆస్తి అంతా రాయించి పెట్టుకోవడం. పదవిలో ఉన్నప్పుడు గాని, దిగిపోయేటప్పుడు గాని ఆ జాబితాతో పోల్చి చూసేవారు. పెరుగుదలకు సరియైన కారణం లేకపోతే దానిలో సగాన్ని బైతుల్ మాల్‌లో, అంటే ప్రభుత్వ ఖజానాలో, జమ చేయించేవారు. చరిత్రకారుడు బలాజురీ దీనిని స్పష్టంగా పేర్కొన్నారు. బంధువులకు పదవులు ఇవ్వకపోవడం కూడా ఆయన నియమమే. తన కుమారుడు హజ్రత్ అబ్దుల్లా (ర) యోగ్యత అందరికీ తెలిసినదే. అయినా ఆయనకు ఏ రాష్ట్రమూ అప్పగించలేదు. తన తర్వాత ఖలీఫాను ఎన్నుకొనే సంఘంలో సలహా చెప్పడం వరకే ఆయనకు చోటిచ్చారు.

జీతం ప్రశ్న

కఠిన షరతులు పెట్టి ఆకలితో పని చేయించుకోవడం న్యాయమూ కాదు, నిలిచేదీ కాదు. దైవప్రవక్త (స) సహచరులను ప్రభుత్వ ఉద్యోగాలలో దించి మలినపరచారని హజ్రత్ అబూ ఉబైదా (ర) ఒకసారి హజ్రత్ ఉమర్ (ర)తో అన్నారు. ధర్మపరుల సహాయం తీసుకోక మరెవరి సహాయం తీసుకోవాలని ఆయన అడిగారు. అలాగైతే ద్రోహం చేయవలసిన అవసరం లేనంత జీతం వారికి ఇవ్వమని అబూ ఉబైదా (ర) సలహా ఇచ్చారు. ఇది కూడా ‘కితాబుల్ ఖరాజ్’లోనిదే.

అయితే ఆ జీతం ఎవరి చెమట నుండి వస్తున్నదో హజ్రత్ ఉమర్ (ర) మరువలేదు. హజ్రత్ అమ్మార్ (ర)ను కూఫా పాలకునిగానూ, హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (ర)ను ఖాజీ, ఖజానా అధికారిగానూ, హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్ (ర)ను భూముల సర్వేకూ పంపినప్పుడు ముగ్గురికీ కలిపి రోజుకు ఒక గొర్రె కేటాయించారు. అందులో సగం అమ్మార్‌కు, పావు చొప్పున మిగతా ఇద్దరికి. ఆ వెంటనే, రోజుకొక గొర్రె చొప్పున తీస్తూ పోయే భూమి త్వరలోనే పాడవుతుందని తన ఆందోళన కూడా తెలిపారు. బైతుల్ మాల్ విషయంలో తనకూ, తన అధికారులకూ ఉన్న స్థానం అనాథ ఆస్తిపై సంరక్షకునికి ఉన్న స్థానమేనని చెప్పారు. అవసరం లేనివాడు ముట్టకుండా ఉండాలి, అవసరం ఉన్నవాడు ధర్మంగా తినాలి అన్నది సూరా అన్‌నిసా 6వ ఆయత్‌లో సంరక్షకునికి విధించిన నియమం. జీతం ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఆయన ఆశ్రయించిన ఆధారం ఇదే.

ఇరాక్ భూముల కొలత విషయంలోనూ ఈ ఆందోళనే కనిపిస్తుంది. తనపై హత్యాప్రయత్నం జరగడానికి కొద్ది రోజుల ముందు కూడా ఆయన హుజైఫా, ఉస్మాన్ బిన్ హునైఫ్ (ర)లను పిలిచి, భూమి మోయలేనంత పన్ను వేశారేమోనని అడిగినట్టు బుఖారీ ఉల్లేఖనం తెలుపుతుంది. మోయగలిగినదే వేశామని వారు చెప్పినా, మళ్ళీ చూసుకోండని హెచ్చరించారు.

ఖలీఫా కుమారుల లాభం

అధికారి తన కోసం ఏమీ తీసుకోకుండానే తప్పు చేయగలడు. పైవారి మెప్పు కోసం ప్రజల సొమ్ముతో ఉపకారం చేయడం అటువంటిది. హజ్రత్ అబ్దుల్లా, ఉబైదుల్లా అనే ఉమర్ (ర) కుమారులిద్దరూ సైన్యంతో ఇరాక్ వెళ్ళి తిరిగివస్తూ బస్రాలో ఆగారు. అక్కడి గవర్నరు హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (ర) మదీనాకు పంపవలసిన ప్రభుత్వ సొమ్మును వారికి అప్పుగా ఇచ్చారు. దానితో ఇరాక్ సరుకు కొని మదీనాలో అమ్ముకుని, లాభం తాము ఉంచుకుని, అసలు ఖలీఫాకు చెల్లించండని చెప్పారు. వారు అలాగే చేశారు. సొమ్ముకు నష్టం లేదు. ఖలీఫాకు ఉత్తరం కూడా వచ్చింది.

హజ్రత్ ఉమర్ (ర) వేసిన మొదటి ప్రశ్న, సైన్యంలో అందరికీ ఇలాగే అప్పు ఇచ్చారా అన్నది. లేదన్నారు. అయితే ఖలీఫా కొడుకులు కాబట్టి ఇచ్చారని తేల్చి, అసలుతో పాటు లాభం కూడా చెల్లించమన్నారు. సొమ్ము పోయి ఉంటే తాము భరించేవారమని ఉబైదుల్లా వాదించాడు. చివరకు సభలోని ఒకరి సూచన మేరకు దీనిని భాగస్వామ్య వ్యాపారంగా పరిగణించి సగం లాభం బైతుల్ మాల్‌కు, సగం వారికి ఇచ్చారు. ముఅత్తాలో ఈ ఉదంతం వ్యాపార భాగస్వామ్య అధ్యాయంలో ఉన్నది. వ్యాపార చట్టం కోసం చదివే దానిలో అధికార ధర్మం కూడా ఉన్నది. ఇబ్నుల్ లుత్బియ్యాను అడిగిన ప్రశ్నే ఇక్కడ మరో రూపంలో వచ్చింది: ఈ బంధుత్వం లేకపోతే ఈ లాభం వచ్చేదా?

ఫిర్యాదు, విచారణ

ఆమిళ్ళందరూ ఏటా హజ్ సమయంలో మక్కాకు రావలసి ఉండేది. అప్పుడే వారి ప్రాంతాల ప్రజలు కూడా అక్కడ ఉంటారు. ఒక హజ్ సమయంలో హజ్రత్ ఉమర్ (ర) లేచి, తాను అధికారులను పంపింది ప్రజల చర్మం ఒలవడానికీ, సొమ్ము లాక్కోవడానికీ కాదనీ, అన్యాయం జరిగినవాడు లేచి చెప్పమనీ ప్రకటించారు. ఒకే ఒక మనిషి లేచాడు. తన ప్రాంతపు ఆమిల్ తనను వంద కొరడా దెబ్బలు కొట్టాడన్నాడు. బదులు తీర్చుకోమని ఖలీఫా అన్నారు. ఈజిప్టు పాలకుడు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (ర) అడ్డు చెప్పారు. ఇలా చేస్తే అధికారులకు భారమవుతుందనీ, తర్వాతివారికి ఇదే ఆచారమవుతుందనీ అన్నారు. దైవప్రవక్త (స) స్వయంగా తన నుండి బదులు తీర్చుకోనిచ్చినప్పుడు తాను ఎలా ఆపగలనని ఉమర్ (ర) జవాబు. చివరకు దెబ్బకు రెండు దీనార్ల చొప్పున 200 దీనార్లు ఇచ్చి ఆ మనిషిని ఒప్పించారు.

అమ్ర్ (ర) అభ్యంతరం తేలికగా తీసిపారేయదగినది కాదు. అధికారిని ఎవరుపడితే వారు నిలదీయగలిగితే పాలన నడుస్తుందా అన్న ప్రశ్న ప్రతి కాలంలోనూ ఉన్నదే. ఆమిల్ కొడుకు కొట్టిన కాప్టు యువకుని కథ ప్రసంగాలలో ఎంతో ప్రసిద్ధం. అది ఇబ్నె అబ్దుల్ హకమ్ ఈజిప్టు చరిత్రలో ఉన్నది. కాని దాని సనదు బలహీనమైనదని విమర్శకులు అన్నారు. ఆ కథ లేకపోయినా పై ఉల్లేఖనం ఒక్కటే అధికారికీ, సామాన్యునికీ మధ్య సమానత్వాన్ని స్థాపించడానికి చాలుతుంది.

వచ్చిన ఫిర్యాదులను పరిశీలించడానికి హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (ర) అనే సహాబీ నియమించబడ్డారు. కూఫాలో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) తమ భవనానికి తలుపు పెట్టించారనీ, బజారు గోల వినబడకుండా చేశారనీ మదీనాకు వార్త చేరింది. ముహమ్మద్ బిన్ మస్లమా (ర) వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకముందే కట్టెలు తెప్పించి ఆ తలుపును కాల్చివేశారు. సఅద్ (ర) ఇవ్వబోయిన దారిఖర్చు కూడా తీసుకోలేదు. తిరుగు ప్రయాణంలో ఆహారం అయిపోయి చెట్టు బెరడు తిన్నారని తబరీ రాశారు. విచారణాధికారి విచారించబడేవాని ఆతిథ్యం స్వీకరించరాదన్న నియమాన్ని ఆయన ఆ విధంగా పాటించారు. అయితే తాను అన్నట్టు చెప్పుకున్న మాట తాను అనలేదని సఅద్ (ర) ప్రమాణం చేశారు. ఆ ప్రమాణాన్ని ఖలీఫా నమ్మారు.

తర్వాత కూఫా ప్రజలలో కొందరు మరిన్ని ఫిర్యాదులు తెచ్చారు. నమాజు సరిగా చేయించడం లేదన్నది కూడా అందులో ఒకటి. హజ్రత్ ఉమర్ (ర) ముందు సఅద్‌నే పిలిచి అడిగారు. దైవప్రవక్త (స) నమాజు ఎలా చేయించారో తాను అలాగే చేయిస్తున్నానని ఆయన వివరించారు. ఆయన చెప్పినది విని ఊరుకోక, మనుషులను కూఫా పంపి మసీదు మసీదుకూ తిరిగి ప్రజలను బహిరంగంగా అడిగించారు. అందరూ సఅద్ (ర)ను మెచ్చుకున్నారు. బనూ అబ్స్ మసీదులో ఒక్కడు మాత్రం లేచి ఆయన సైన్యంతో వెళ్ళడనీ, సమానంగా పంచడనీ, న్యాయంగా తీర్పు చెప్పడనీ ఆరోపించాడు. బుఖారీలో ఈ వివరాలన్నీ ఉన్నాయి.

సఅద్ (ర) ఖాదిసియ్యా విజేత. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. అయినా ఆయన విచారణకు అతీతులు కాలేదు. ఆరోపణ నిలవకపోయినా కూఫా పరిస్థితిని బట్టి ఖలీఫా ఆయనను తప్పించి అమ్మార్ (ర)ను నియమించారు. ఇక్కడితో ఆగితే నిర్దోషికి అన్యాయం జరిగినట్టే ఉండేది. కాని మరణశయ్యపై హజ్రత్ ఉమర్ (ర) తన వారసుని ఎన్నుకొనే ఆరుగురిలో సఅద్ (ర)ను చేర్చారు. అసమర్థత వల్ల గాని, ద్రోహం వల్ల గాని తాను ఆయనను తొలగించలేదని అందరి ఎదుట చెప్పి పోయారు. ప్రజలకు జవాబుదారీగా ఉండడం అధికారి ధర్మం. నిర్దోషి అయిన అధికారి పరువును నిలబెట్టడం ప్రభుత్వ ధర్మం. రెండూ ఒకే మనిషి విషయంలో నెరవేరాయి.

సగం సొమ్ము

అన్నిటికంటె కఠినమైన చర్య, పెరిగిన ఆస్తిలో సగం తీసుకోవడం. అహ్వాజ్ ప్రాంతపు అధికారుల సంపద గురించి ఒక కవి పద్యాలు రాసి పంపినప్పుడు, అందులో పేర్కొన్నవారి ఆస్తిని ఖలీఫా సగం చేశారు. చివరకు చెప్పుల జతలో ఒకటి తీసుకుని ఒకటి వదిలారట. ఆ జాబితాలో ఉన్న అబూ బక్రా (ర), తాను ఏ పదవిలోనూ లేనని అభ్యంతరం చెప్పారు. ఆయన సోదరుడు ఉబుల్లా ఖజానా, సుంకాల మీద ఉన్నాడనీ, అతడిచ్చే అప్పుతో ఆయన వ్యాపారం చేస్తున్నారనీ ఖలీఫా గుర్తుచేశారు. ఈజిప్టులో హజ్రత్ అమ్ర్ (ర) తమ భూమి సేద్యానికీ, వర్తకానికీ అనువైనదనీ, ఖర్చు పోగా మిగులుతుందనీ జవాబు రాశారు. ఆ జవాబు చాలలేదు. ముహమ్మద్ బిన్ మస్లమా (ర) వెళ్ళి ఆస్తి పంచుకువచ్చారు.

బహ్రయిన్ నుండి వచ్చిన హజ్రత్ అబూ హురైరా (ర) వద్ద 10,000 దిర్హములు ఉన్నాయని ఖలీఫా గద్దించిన సంగతి ఇబ్నె సఅద్ రాశారు. గుర్రాలు పిల్లలు పెట్టాయనీ, బానిస సంపాదన, వరుసగా వచ్చిన భత్యాలు కలిసి అంత అయిందనీ ఆయన చెప్పారు. పరిశీలిస్తే నిజమేనని తేలింది. తర్వాత మళ్ళీ పదవి ఇవ్వబోతే ఆయన ఒప్పుకోలేదు. యూసుఫ్ (అ) అంతటివారే పదవి అడిగారని ఉమర్ (ర) అన్నా, ఆయన ప్రవక్త, ప్రవక్త కుమారుడు, నేను ఉమైమా కొడుకునని చెప్పి తప్పుకున్నారు. తెలియక మాట్లాడతానేమో, వీపు మీద దెబ్బలు, పరువుకు భంగం, సొమ్ముకు నష్టం కలుగుతాయేమోనన్న భయం ఆయన చెప్పిన కారణాలలో ఉన్నది. కఠినమైన తనిఖీకి కూడా ఒక మూల్యం ఉన్నదని ఈ ఉదంతం తెలుపుతుంది. యోగ్యులు పదవికి దూరమయ్యే ప్రమాదం ఉన్నది. చరిత్రకారులు దీనిని దాచకుండా రాయడం విశేషం.

తర్వాతి కాలం

హజ్రత్ అలీ (ర) తమ బస్రా ప్రతినిధి ఉస్మాన్ బిన్ హునైఫ్ (ర)కు, పేదలను బయట ఉంచి ధనికులను పిలిచిన విందుకు వెళ్ళినందుకు మందలిస్తూ లేఖ రాసినట్టు ‘నహ్‌జుల్ బలాగా’లో ఉన్నది. మాలిక్ అష్‌తర్‌కు ఈజిప్టు పాలన గురించి రాసినట్టు చెప్పే సుదీర్ఘ లేఖ కూడా అందులోనిదే. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (క్రీ.శ. 717–720) కానుకలను తిరస్కరించారు. దైవప్రవక్త (స) కానుక స్వీకరించేవారు కదా అంటే, ఆనాడు అది కానుక, ఈనాడు లంచమని జవాబిచ్చారు. అధికారులు వ్యాపారం చేయడాన్ని కూడా నిషేధించారు.

అబ్బాసీల కాలానికి ఈ పద్ధతులు వ్యవస్థల రూపం తీసుకున్నాయి. హిజ్రీ 450లో (క్రీ.శ. 1058) మరణించిన మావర్దీ, ‘మజాలిమ్’ న్యాయస్థానం చేయవలసిన పది పనులు చెబుతూ, పాలకులు ప్రజలపై చేసే దౌర్జన్యాన్ని విచారించడం మొదటి పనిగా పేర్కొన్నారు. దీనికి ఫిర్యాదు వచ్చేవరకు ఆగనవసరం లేదని కూడా రాశారు. బజారులో తూకాలు, కొలతలు చూసే ముహ్తసిబ్ పదవి ఊరూరా ఏర్పడింది.

కాని అదే కాలంలో పతనమూ జరిగింది. పన్ను వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతి పెరిగింది. గుత్తదారుకు ప్రజల కష్టంతో పని లేదు, తన పెట్టుబడి రాబట్టుకోవడమే పని. అధికారుల సొత్తు స్వాధీనం చేసుకోవడం ఖజానాకు ఒక మామూలు ఆదాయంగా మారింది. దాని కోసం ప్రత్యేక దివాను కూడా ఏర్పడింది. దానితో అధికారి జప్తుకు ముందే జప్తుకు సరిపడా దోచుకోసాగాడు. హజ్రత్ ఉమర్ (ర) చర్యకూ, దీనికీ పైకి పోలిక ఉన్నది. తేడా ఎక్కడంటే, ఆయన తన జీతాన్నీ, తన కుమారుల లాభాన్నీ అదే త్రాసులో తూచారు. పైవాడు త్రాసుకు అతీతుడైన నాడు అదే నియమం దోపిడీ సాధనమయింది.

దక్కనులో ఆ మాటలు

ఈ చరిత్రలోని మాటలు అనేకం దక్కను పాలన ద్వారా తెలుగులో కలిసిపోయాయి. ఆమిల్దారు, తహసీల్దారు, వసూలు, జమాబందీ అందరికీ తెలిసినవే. కోర్టు ఉత్తర్వులు అమలు జరిపే అమీనా పేరు అమానత్ అన్న ధాతువు నుండి వచ్చినది. నమ్మదగినవాడని దాని అర్థం. ఆమిల్ అన్న ధాతువు నుండే ‘మామూలు’ అన్న మాట కూడా వచ్చింది. వాడుకలో ఉన్నది అని దాని అర్థం. అధికారి ప్రతి పనికీ తీసుకునే లంచానికి తెలుగులో అదే పేరు స్థిరపడింది. లంచం వాడుకగా మారిన తర్వాత దానిని లంచమని ఎవరూ అనరు, మామూలు అంటారు. ఇబ్నుల్ లుత్బియ్యా కూడా దానిని కానుక అన్నాడే గాని లంచమనలేదు.

హైదరాబాదు రాజ్యంలో 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాను అయ్యేనాటికి శిస్తు వసూలు గుత్తదారులైన తాలూక్‌దార్ల చేతిలో ఉండేది. ఆయన క్రమంగా ఆ గుత్తలను తొలగించి, జీతం తీసుకునే అధికారులను నియమించారు. 1865లో జిలాబందీ ద్వారా రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. ద్రోహానికి అవసరం లేనంత జీతం ఇవ్వాలన్న అబూ ఉబైదా (ర) సలహాలోని వివేకం పన్నెండు శతాబ్దాల తర్వాత ఇక్కడ మరో దారిలో అవసరమయింది. జీతం ఒక్కటే సరిపోదని తర్వాతి చరిత్ర చెబుతుంది. జీతంతో పాటు తెరిచిన తలుపు, రాసిన ఆస్తి జాబితా, నిర్భయంగా లేచి చెప్పగల ప్రజ, పైవారికి కూడా వర్తించే న్యాయం, అన్నిటికీ మించి ప్రళయదినపు లెక్క భయం కావాలి.

ఈ నియమాలు ఖలీఫాలకూ, గవర్నర్లకూ మాత్రమే అనుకోవడం పొరపాటు. దైవప్రవక్త (స) మింబర్ ఎక్కింది ఒక తెగ వద్దకు పశువుల లెక్కకు వెళ్ళిన చిన్న ఉద్యోగి విషయంలో. పంచాయతీ సభ్యుడు, రెవెన్యూ గుమాస్తా, వక్ఫ్ ముతవల్లీ, మసీదు కమిటీ కోశాధికారి అందరూ ఆ ఖుత్బాకు శ్రోతలే. వక్ఫ్ దుకాణాన్ని ముతవల్లీ తన బావమరిదికి తక్కువ అద్దెకు ఇచ్చినప్పుడు, సైన్యంలో అందరికీ ఇలాగే ఇచ్చారా అన్న ప్రశ్న అతనికీ వర్తిస్తుంది. అల్లాహ్ ఎదుట అడగబోయే ప్రశ్నను ముందుగా తనకు తాను వేసుకున్నవాడే అమానత్ హక్కు తీర్చగలడు.